తిన్నది ఒంటికి పట్టడమంటే

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. నాలుగు నెలల క్రితం నీరసంగా ఉంటోందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.1 ఉందన్నారు. డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు. మూడు నెలలు ఒక్క రోజు కూడా మానకుండా వేయించి మళ్లీ పరీక్ష చేయిస్తే 9.4 వచ్చింది. మాత్ర వాసనకు వాంతి వచ్చేలా ఉందంటే పొద్దున్నే టీతో వేయిస్తున్నాను. వెంటనే పాలు పోసిన రాగిజావ ఇస్తాను. మధ్యలో కడుపులో మంట అంటే మందుల షాపులో గ్యాస్ మాత్ర ఇచ్చారు, అది నిద్ర లేవగానే వేసుకుంటుంది. వారానికి మూడు నాలుగుసార్లు తోటకూరో పాలకూరో వండుతాను, రోజూ కోడిగుడ్డు పెడతాను. ఆకలి బాగానే ఉంది, బరువు 46 కిలోల దగ్గర నిలకడగా ఉంది, విరేచనాలేమీ లేవు. మా అత్తగారు ‘దానిది ఏం తిన్నా ఒంటికి పట్టని శరీరం’ అంటున్నారు. బంధువులొకరు అరుగుదలకు ఎంజైమ్ సిరప్ తాగించమన్నారు. ఇంతకీ తిన్నదంతా ఎక్కడికి పోతోంది? సిరప్ పనిచేస్తుందా?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగినదానికి జవాబు చాలావరకు మీ ఉత్తరంలోనే, మీరు మాటవరసకు రాసిన మూడు వాక్యాల్లో ఉంది. లేవగానే గ్యాస్ మాత్ర, టీతో ఐరన్ మాత్ర, ఆ వెంటనే పాలు పోసిన రాగిజావ. అమ్మాయి శరీరంలో లోపం వెతకబోయే ముందు ఆ పొద్దుటి గంటసేపు ఆమె కడుపులో ఏం జరుగుతోందో చూడటం మంచిది. ముప్పై ఏళ్లపాటు వైద్యవిద్యార్థులకు ఈ పాఠం చెప్పిన అలవాటు కొద్దీ కాస్త వివరంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మన ఇళ్లలో రెండు మాటలు వేరువేరుగా వాడతారు: అరగడం, ఒంటికి పట్టడం. శరీరశాస్త్రం కూడా సరిగ్గా ఈ రెండింటినీ రెండు పనులుగానే చూస్తుంది. తిన్న పదార్థాన్ని ముక్కలు చేసి, చివరకు పేగు గోడ పీల్చుకోగలిగినంత చిన్న అణువులుగా విడగొట్టడం అరుగుదల. అలా విడిపోయినవి పేగు గోడను దాటి రక్తంలోకి చేరడం ఒంటికి పట్టడం, పాఠ్యపుస్తకాల భాషలో శోషణ. నోటి నుంచి మలద్వారం దాకా ఉన్నది ఒకే గొట్టం కాబట్టి, పూస కన్నంలోంచి వెళ్లే దారం ఎలాగైతే పూసలో భాగం కాదో, పేగులో ఉన్న ఆహారం కూడా అలాగే ఇంకా శరీరంలో భాగం కాదు. గోడ దాటితేనే అది మనది అవుతుంది. మీ బంధువులు చెప్పిన సిరప్ మొదటి పనికి సంబంధించినది. మీ అమ్మాయి ఇబ్బంది రెండో పనిలో, అందులోనూ ఒక్క ఇనుము దగ్గర మాత్రమే కనిపిస్తోంది.

ముందు అరుగుదల సంగతి చూద్దాం. రాత్రి భోజనంలో ఏ కూరా కలపని తెల్లన్నం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకుండా ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా నమలమనండి. కాసేపటికి అది తియ్యబడుతుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ అన్నంలోని పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొట్టడం వల్ల వచ్చిన తీపి అది. అరుగుదల నోట్లోనే మొదలవుతుందని చెప్పడానికి ఇంతకన్నా తేలికైన ప్రయోగం నాకు తెలియదు, తరగతిలో ఏటా ఇదే చేయించేవాణ్ణి.

జీర్ణాశయంలో ఏం జరుగుతుందన్నది మాత్రం మనిషికి చాలాకాలం అంతుపట్టలేదు. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి పొరపాటున తుపాకి పేలి పొట్టకు గాయమైంది. అతను బతికాడు గాని, జీర్ణాశయంలోకి తెరుచుకున్న రంధ్రం పూడలేదు. అతనికి వైద్యం చేసిన సైనిక వైద్యుడు విలియం బోమంట్ మాంసం ముక్కలను పట్టుదారానికి కట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి దించి, కొంతసేపు ఆగి పైకి లాగి ఎంత కరిగాయో చూసేవాడు. జీర్ణరసాన్ని బయటికి తీసి, సీసాలో పోసి, ఒంటి వేడిలో ఉంచి, అందులోనూ మాంసం కరుగుతుందని చూపాడు. అరుగుదల కేవలం నలగడం కాదనీ, అదొక రసాయన చర్య అనీ 1833లో అతను అచ్చువేసిన పరిశీలనలతో గట్టిపడింది. ఆ రసంలో ఉన్నవి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మాంసకృత్తులను తెంపే పెప్సిన్. మనం గ్యాస్ మాత్ర అని పిలిచేది చాలా సందర్భాల్లో గ్యాస్‌ను తగ్గించేది కాదు. ఈ ఆమ్లం తయారీనే తగ్గించేది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

అక్కడినుంచి కొద్దికొద్దిగా జావలా మారిన ఆహారం చిన్నపేగులోకి దిగుతుంది. చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం పొడవు సుమారు 25 సెంటీమీటర్లే. క్లోమగ్రంథి (పాంక్రియాస్) నుంచి ఎంజైములు, కాలేయం తయారుచేసిన పైత్యరసం ఇక్కడే వచ్చి కలుస్తాయి. పైత్యరసం నూనెను చిన్నచిన్న బిందువులుగా చెదరగొడితే క్లోమం నుంచి వచ్చిన లైపేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొడుతుంది. క్లోమం విడుదల చేసే ఎంజైములు మన అవసరానికి ఎన్నో రెట్లు మించి ఉంటాయి. లైపేజ్ తయారీ నూటికి తొంభై వంతులు పడిపోతే గాని కొవ్వు అరగకుండా మలంలో పోవడం మొదలవదు. అప్పుడు మలం జిడ్డుగా, దుర్వాసనతో, నీళ్లు పోసినా కదలకుండా తేలుతూ ఉంటుంది, మనిషి చూస్తుండగా చిక్కిపోతాడు. మీ అమ్మాయి బరువు నిలకడగా ఉంది, ఆకలి ఉంది, విరేచనాలు లేవు. ఆమె క్లోమం తన పని తాను చేస్తోందనడానికి ఇవి చాలు. కాబట్టి ఎంజైమ్ సిరప్ అక్కర్లేదు. ఆ డబ్బుతో జామకాయలు కొనండి, ఎందుకో కింద చెబుతాను.

ఇక ఒంటికి పట్టడం. సుమారు ఆరు మీటర్ల చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. ముఖం తుడుచుకునే తువ్వాలు మీద నూలు పోగులు లేచి ఉన్నట్టు, మిల్లీమీటరు పొడవు కూడా ఉండని సన్నని మొనలు గోడంతా ఉంటాయి. వీటినే చూషకాలంటారు. ఒక్కో చూషకం మీద వేల కణాలు, ఒక్కో కణం మీద మళ్లీ అంతకన్నా సూక్ష్మమైన మొలకలు. ఇన్ని ముడతల వల్ల పీల్చుకునే ఉపరితలం ఎంతో పెరుగుతుంది. పాత పుస్తకాలు దాన్ని టెన్నిస్ కోర్టుతో పోల్చేవి, ఇటీవలి కొలతల ప్రకారం అది 30 చదరపు మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అదీ తక్కువేం కాదు, మన ఇళ్లలో రెండు గదుల నేల. చూషకం మీది కణాల ఆయుష్షు నాలుగైదు రోజులు మాత్రమే, ఆ తర్వాత రాలిపోయి కొత్తవి వస్తాయి.

చక్కెరలు, మాంసకృత్తుల నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలు చూషకాల్లోని రక్తనాళాల్లోకి చేరి, నేరుగా కాలేయానికి వెళతాయి. కొవ్వులు మాత్రం శోషరస (లింఫ్) నాళాల ద్వారా చుట్టుదారిలో వచ్చి, మెడ దిగువన ఉన్న సిరలో కలుస్తాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఈ కొవ్వుతోపాటే ప్రయాణం చేస్తాయి కాబట్టి, నూనె చుక్క వేయకుండా ఉడికించిన తోటకూర కన్నా పోపు పెట్టిన తోటకూరలోని కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారేది) ఒంటికి బాగా పడుతుంది. బి12 సంగతి ఇంకా చిత్రం. జీర్ణాశయం తయారుచేసిన ఒక ప్రోటీన్ దాన్ని వెంటబెట్టుకుని చిన్నపేగు చివరిదాకా తీసుకెళ్తేనే అక్కడ అది లోపలికి వెళ్తుంది. మిగిలినవి పెద్దపేగుకు చేరతాయి, అక్కడ నీరు ఇంకుతుంది, మనం అరిగించుకోలేని పీచును అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టుకుంటాయి. మీ ప్రశ్నకు దానితో పెద్దగా పని లేదు.

ఇనుము మాత్రం చాలావరకు ఆ 25 సెంటీమీటర్ల ఆంత్రమూలంలోనూ, దాని వెంటనే వచ్చే కాస్త భాగంలోనూ లోపలికి వెళ్లాలి. గుమ్మం చిన్నది, సమయం తక్కువ. పైగా ఆ గుమ్మం దాటాలంటే ఇనుము కరిగి ఉండాలి, ఫెర్రస్ అనే రసాయన రూపంలో ఉండాలి. ఆకుకూరల్లో, ధాన్యాల్లో ఉండే ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ అనే మరో రూపంలో ఉంటుంది. జీర్ణాశయంలోని ఆమ్లం దాన్ని కరిగిస్తుంది, విటమిన్ సి దాన్ని ఫెర్రస్‌గా మారుస్తుంది. మాత్రలో సాధారణంగా ముందే ఫెర్రస్ రూపంలో ఉన్నా, అది అలాగే కరిగి నిలవడానికి ఆమ్లం కావాలి. టీలోని టానిన్లు ఇనుమును గట్టిగా పట్టుకుని, గోడ పీల్చుకోలేని పదార్థంగా మార్చేస్తాయి; భోజనంతో టీ తాగితే శాకాహారంలోని ఇనుము ఒంటికి పట్టడం సగానికి పైగా తగ్గుతుందని ప్రయోగాలు చూపాయి. ధాన్యాల పైపొరలో, రాగుల్లో ఉండే ఫైటేట్లనే పదార్థాలదీ అదే పని. పాలలోని కాల్షియం కూడా ఇనుము దారికి అడ్డుపడుతుంది.

ఇప్పుడు మీ ఇంట్లో పొద్దుటి వరస చూడండి. ముందు గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని తగ్గించింది. ఆ తర్వాత ఐరన్ మాత్ర టానిన్ల మధ్య దిగింది. పదినిమిషాలకల్లా ఫైటేట్లూ కాల్షియమూ కలిసిన రాగిజావ వచ్చి చేరింది. రాగిజావ చెడ్డదని అనడం లేదు, కాల్షియానికి రాగులను మించిన ధాన్యం మనకు లేదు. కానీ ఈ నాలుగూ ఒకే గుమ్మం దగ్గర ఒకే వేళకు చేరితే నష్టపోయేది ఇనుమే.

ఎంత నష్టపోయిందో లెక్క కట్టవచ్చు. 46 కిలోల మనిషిలో రక్తం సుమారు మూడు లీటర్లు. హిమోగ్లోబిన్ తయారీకి ఇనుము కావాలి కాబట్టి, అది డెసిలీటరుకు (వంద మిల్లీలీటర్లకు) 9.1 గ్రాముల నుంచి 9.4కు పెరిగిందంటే రక్తంలో అదనంగా చేరిన ఇనుము దాదాపు 30 మిల్లీగ్రాములు. తొంభై మాత్రలకు అంతే! నెలసరిలోనూ, ఇతరత్రానూ పోయే ఇనుమును పూడ్చగా మిగిలింది అది. ఆ వయసు ఆడపిల్లలకు ఉండాల్సిన కనీసం 12కు మొదటి 9.1 నుంచి చేరాలంటే సుమారు 300 మిల్లీగ్రాములు రక్తంలోకి వెళ్లాలి. 60 మిల్లీగ్రాముల ఇనుమున్న మాత్రలో పదో వంతు పట్టినా రోజుకు ఆరు మిల్లీగ్రాములు వస్తాయి, రెండు మూడు నెలల్లో ఆ మేర చేరిపోవాలి. మాత్రలు మింగించడంలో మీ లోపమేమీ లేదు, లోపం వేళల్లో ఉంది.

మీ అత్తగారి మాట గురించి. నెమ్మదిగానే చెప్పండి గాని, సంగతి పూర్తిగా తలకిందులుగా ఉంది. కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. ఒంట్లో ఇనుము నిండుగా ఉంటే హెప్సిడిన్ పెరిగి పేగు గుమ్మం మూస్తుంది, తక్కువైతే హెప్సిడిన్ తగ్గి గుమ్మం బార్లా తెరుచుకుంటుంది. అంటే రక్తహీనత ఉన్న మీ అమ్మాయి పేగు మామూలు మనిషి పేగు కన్నా ఎక్కువ ఇనుమును పీల్చుకోవడానికి సిద్ధంగా ఉంది. అందేట్టు చేయడమే తరువాయి. ఇందులోనే ఇంకో మెలిక ఉంది. ఒక మాత్ర వేసుకున్నాక హెప్సిడిన్ సుమారు ఒక రోజు పాటు పెరిగి ఉంటుంది, అందువల్ల మర్నాటి మాత్రలో ఒంటికి పట్టే వాటా తగ్గుతుంది. ఇనుము నిల్వలు తక్కువగా ఉన్న యువతుల మీద స్విట్జర్లాండ్‌లో చేసిన అధ్యయనం ఒకటి 2017లో వెలువడింది. రోజు విడిచి రోజు వేసుకున్నవారిలో ఒక్కో మాత్ర నుంచి పట్టిన ఇనుము ఎక్కువగా ఉంది. ఇలా వేసుకుంటే కడుపు ఇబ్బందులూ తగ్గవచ్చు. మీ అమ్మాయికి మంట ఉంది కాబట్టి ఈ పద్ధతి సరిపోతుందేమో మీ డాక్టరుగారిని అడగండి. మీ అంతట మీరు మార్చవద్దు.

ఏం తిన్నా ఒంటికి పట్టని జబ్బు అసలు లేదని కాదు. వెనకటి రోజుల్లో గ్రహణి అన్న ఒక జబ్బు, వైద్యులు ట్రాపికల్ స్ప్రూ అనేది, చూషకాలను అరగదీసి మనిషిని ఎముకల గూడు చేసేది. 1895లో భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు ఇద్దరు సోదరులను ఆ జబ్బుకే పోగొట్టుకున్నారు, తనకూ అదే వస్తే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తర్వాత ఆయన అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం 1945లో బి విటమిన్లలో ఒకటైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది, అది ఆ జబ్బుకు మందైంది. మీ అమ్మాయి వేసుకునే ఐరన్ మాత్ర పెట్టె మీద చదివి చూడండి, చాలా మాత్రల్లో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం కలిపే ఉంటుంది. ఆ జబ్బు ఉన్నవారికి నెలల తరబడి విరేచనాలు, నాలుక పూత, బరువు తగ్గడం ఉంటాయి. మీరు రాసినదాంట్లో ఆ లక్షణాలు ఒక్కటీ లేవు.

ఇక చేయవలసినవి. ఐరన్ మాత్రను పరగడుపున, గ్లాసు నిమ్మరసం నీళ్లతో వేయించండి. పరీక్షల కోసం పిల్ల ఎలాగూ తెల్లవారుజామునే లేస్తుంది కాబట్టి ఐదున్నరకు మాత్ర వేసుకుంటే ఏడింటికి రాగిజావ తాగవచ్చు. మధ్యలో కనీసం గంట ఎడం ఉండాలి, గంటన్నర ఉంటే ఇంకా మేలు. వాసన సమస్యకు నిమ్మరసమే టీ కన్నా బాగా పనిచేస్తుంది, ఉసిరికాయ ముక్క నోట్లో వేసుకున్నా సరే. ఖాళీ కడుపున అస్సలు ఓర్చుకోలేకపోతే మధ్యాహ్న భోజనమయ్యాక జామకాయతో వేసుకోమనండి, పట్టేది కొంత తగ్గినా మానేయడం కన్నా నయం. గ్యాస్ మాత్ర డాక్టరు రాసింది కాదు, మందుల షాపులో ఇచ్చింది కాబట్టి, అది అవసరమో కాదో ఒకసారి డాక్టరుతో మాట్లాడండి. ఆ మంట ఐరన్ మాత్ర వల్లే వచ్చి ఉండవచ్చు. అలాంటప్పుడు మాత్ర రకమో వేళో మారిస్తే సరిపోతుంది. మలం నల్లగా వస్తే కంగారు పడకండి, పట్టకుండా మిగిలిన ఇనుము రంగు అది. చిన్నపిల్లలున్న ఇల్లైతే మాత్రలు అందకుండా పైన పెట్టండి, చిన్నపిల్లలు ఎక్కువ మింగితే ప్రాణానికే ముప్పు.

వంట సంగతి. పాలకూరలో ఇనుము ఉంది గాని, అందులో మనకు పట్టేది కొద్దిగానే. మన అన్నం, పప్పు, కూరల భోజనంలోని ఇనుములో నూటికి పది వంతులకు లోపే ఒంటికి పడతాయని లెక్క వేసి, భారత వైద్య పరిశోధన మండలి ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము సిఫారసు చేసింది. మాంసం, కాలేయం, చేపల్లోని ఇనుము ఇంతకన్నా ఎన్నో రెట్లు తేలికగా పడుతుంది, మీ ఇంట్లో తింటారంటే వారానికి రెండుసార్లు పెట్టండి. తోటకూర పప్పు పొయ్యి మీద నుంచి దించాక నిమ్మకాయ పిండండి, ఉడుకుతున్నప్పుడు పిండితే విటమిన్ సి చాలావరకు పోతుంది. పెసలు మొలకెత్తిస్తే, దోసెల పిండి పులిస్తే ఫైటేట్లు తగ్గుతాయి. రాగులను కూడా మొలకలు కట్టించి, ఆరబెట్టి పిండి పట్టించవచ్చు. పులుసుకూరలు ఇనుప మూకుడులో వండితే కూరలోకి కొంత ఇనుము దిగుతుంది. ఇవన్నీ మేలే చేస్తాయి గాని, 9.4ను 12కు తెచ్చేది మాత్రే. బెల్లం, ఖర్జూరం ఆ పని చేయలేవు.

డాక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు మూడు విషయాలు దాచకుండా చెప్పండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని ప్యాడ్లు మార్చాల్సి వస్తోంది. పేగులో కొంకిపురుగులుంటే అవి రక్తం పీలుస్తాయి కాబట్టి, వాటిని చంపే ఆల్బెండజోల్ మాత్ర చివరిసారి ఎప్పుడు వేసుకుంది. మీ రెండు వైపుల కుటుంబాల్లో ఎవరికైనా వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు థలసీమియా ఉందా. దాని లక్షణవాహకులకు, అంటే జబ్బు ముదరకుండా దాని జన్యువును మాత్రం మోసేవారికి, హిమోగ్లోబిన్ కొంచెం తక్కువగానే ఉంటుంది, ఇనుము లోపం లేనప్పుడు ఎంత ఐరన్ వేసినా అది పెరగదు. ఫెరిటిన్ పరీక్ష చేస్తే ఇనుము నిల్వలు తెలుస్తాయి, అవసరమనుకుంటే థలసీమియా సంగతి తేల్చే హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష కూడా రాస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది, కాబట్టి మీ అమ్మాయికి ఏదో అరుదైన జబ్బు వచ్చిందని బెంగ పెట్టుకోకండి.

వేళలు మార్చిన నాలుగు వారాలకు మళ్లీ హిమోగ్లోబిన్ చూపించండి. ఇనుము సరిగా అందుతుంటే కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే పైన చెప్పిన పరీక్షలు వాయిదా వేయవద్దు. పెరిగితే, 12 దాటాక కూడా నిల్వలు నిండేందుకు డాక్టరుగారు చెప్పినంతకాలం, మామూలుగా మరో మూడు నెలలు, మాత్రలు కొనసాగించాలి. అమ్మాయికి టీ పూర్తిగా మాన్పించనక్కర్లేదు, కాలేజీ నుంచి వచ్చాక సాయంత్రం తాగనివ్వండి, రాత్రి భోజనానికి రెండు గంటల ముందైతే ఏ ఇబ్బందీ ఉండదు.